వంజంగి చలికి ఎన్ని చొక్కాలు?

విశాఖపట్నంలో చలికాలం వచ్చిందని స్వెటర్ల దుకాణాలను చూసే తెలుసుకోవాలి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి డిసెంబరు రాత్రుల్లో కూడా ఇక్కడ చలి సాధారణంగా 18, 19 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చాలా ఇళ్లలో ఫ్యాను ఆపరు, వేగం తగ్గిస్తారంతే. అయినా చలి నెలలు రాగానే టిబెటన్ వ్యాపారులు దిగుతారు. వరసగా పందిళ్లు వేసి రంగురంగుల స్వెటర్లు, టోపీలు, శాలువాలు వేలాడదీస్తారు. కొనేవాళ్లలో చాలామందికి అవి ఊళ్లో తొడుక్కోవడానికి కాదు. శనివారం రాత్రి బండి తీసి అరకు, లంబసింగి, వంజంగి కొండలెక్కడానికి.

ఎంత పెట్టి కొనాలి, ఏం కొనాలి అన్న దగ్గరే పేచీ. ఆ పేచీని ఇక్కడ ఇద్దరికి అప్పగిద్దాం. ఒకాయన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్న మావయ్య. ఎదుట ఉన్నది ఆయన మేనకోడలు. ఉద్యోగం ఐటీలో, మనసు ట్రెక్కింగులో. పేర్లు అక్కర్లేదు, ఇలాంటి జంట గాజువాకలో వీధికొకటి దొరుకుతుంది.

మేనకోడలు ఫోన్‌లో ఒక జాకెట్టు బొమ్మ చూపించింది. ధర పన్నెండు వేలు. మైనస్ పది డిగ్రీల చలినైనా ఆపుతుందని కింద రాసి ఉంది.

"ఎక్కడికమ్మడూ, సైబీరియాకా?" అన్నాడు మావయ్య.

"ముందు వంజంగి. జనవరిలో ఉత్తరాఖండ్ వెళ్లి కేదార్‌కంఠ ఎక్కుతాం."

"వంజంగికి పన్నెండు వేలా! లంబసింగికి నేను స్కూటర్ మీద పోయినప్పుడు ఏటుంది నా ఒంటి మీద? ఒక స్వెటరు, ఒక మఫ్లరు. తిరిగి రాలేదా?"

"వచ్చావు. వారం రోజులు ముక్కు చీదుతూనే ఉన్నావని అత్త చెప్పింది."

మొదటి దెబ్బ తగిలినా మావయ్య తగ్గలేదు. అసలు అక్కడ చలి ఎంతుంటుందో లెక్క తేల్చమన్నాడు. మేనకోడలికి లెక్కలంటే సరదా. కొండెక్కుతుంటే వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. చింతపల్లి మండలంలోని లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో 19 ఉంటే ఆ లెక్కన అక్కడ 12 ఉండాలి. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అక్కడ చలి ఒక్క అంకెలోకి దిగుతుంది. కొన్నేళ్లు సున్నా దగ్గరికి చేరిందన్న వార్తలు కూడా వస్తాయి. ఆ మిగతా చలి ఎక్కడిది?

"ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది మావయ్యా. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. చుట్టూ ఉన్న కొండవాలుల మీంచి జారి పల్లంలో చేరుతుంది. కదిలించడానికి ఈదర కూడా లేకపోతే తెల్లారేదాకా అక్కడే నిలవుంటుంది."

"అంటే చలి పల్లంలో ఎక్కువన్నమాట. మరి నువ్వు పోతున్న వంజంగి కొండ కొన మీద కదా? అక్కడ చలి తక్కువే ఉండాలి. నీ లెక్క ప్రకారమే నీకు జాకెట్టు అక్కర్లేదు!"

పట్టుకున్నాడు. ఆ వాదనలో నిజముంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నిలబడి జనం చూసే మేఘాల సముద్రం, పల్లాల్లో చిక్కుకున్న ఆ చల్లగాలిలోనే పుడుతుంది. గాలిలోని తేమ పొగమంచుగా మారి లోయలను నింపుతుంది. చూసేవాళ్లు దానికి పైన ఉంటారు. కొన మీది గాలి ఒక్కోసారి కింది గాలికన్నా వెచ్చగానే ఉంటుంది.

అయితే అక్కడ చలి ఇంకో దారిలో వస్తుంది. చీకట్లోనే బయల్దేరి, బండి ఆగిన చోటు నుంచి ఎక్కడం మొదలుపెడితే పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. కొనకు చేరేసరికి వీపు తడిసిపోతుంది. ఇక సూర్యుడు వచ్చేదాకా కదలకుండా నిలబడాలి. పైన కొండగాలి, లోపల తడి బట్ట. లంబసింగిలో గుడారం ముందు కూర్చున్నవాడికి కావలసింది వెచ్చదనం. వంజంగి ఎక్కేవాడికి అంతకన్నా ముందు కావలసింది పొడి ఒళ్లు.

"అందుకే లోపల నూలు బనీను వేసుకోకూడదు" అంది మేనకోడలు.

ఈ మాటకు మావయ్యకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన ఉద్యోగమంతా నూలు బట్టల్లోనే గడిచింది. ఉక్కు కర్మాగారం ఫర్నేసులకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టారు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. గోదావరి కాస్ట్‌హౌస్‌లో కరిగిన ఇనుము కాలవ కట్టి పారుతుంటే దాని వేడి పధ్నాలుగు వందల డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ పక్కన నిలబడేవాడు టెరిలిన్ చొక్కా వేసుకోడు. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అంటుకుపోతుంది. నూలు మాడుతుంది గానీ అంటుకోదు.

"చెమట పీల్చేది నూలే. అందుకే కదా మన దేశమంతా అది కడుతోంది!"

"పీల్చడమే చిక్కు మావయ్యా. ఫర్నేసు దగ్గర నీకు చల్లబడాలి. చెమటను బనీను పీల్చుకుని, అది ఆరుతూ నీ ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. అక్కడ అది దేవుడిచ్చిన వరం. వంజంగి కొన మీద కూడా అదే పని చేస్తుంది, ఆపమంటే ఆగదు. నీళ్లు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి."

పాలిస్టర్ దారం తన బరువులో ఒక శాతం నీటిని కూడా లోపలికి తీసుకోదు. చెమట దారాల మధ్య పాకి బయటి వైపుకు చేరి త్వరగా ఆరిపోతుంది. అందుకే కొండలెక్కేవాళ్లు ఒంటికి ఆనే మొదటి వరసలో నూలు వద్దంటారు. మెరినో ఉన్ని ఇంకా మేలు, కానీ దాని ధర జాకెట్టు ధరతో పోటీ పడుతుంది.

"బనీను వద్దంటే నన్నేటి వేసుకోమంటావు?"

"పిల్లలు క్రికెట్ ఆడటానికి వేసుకునే జెర్సీ టీషర్టు. పొడుగు చేతులది."

"అదా? పూర్ణా మార్కెట్ సందుల్లో మూడొందలకిస్తాడు!" మావయ్య ముఖం వెలిగింది. "అయితే ఈ పన్నెండు వేల సంగతి ఏటి?"

మేనకోడలు జవాబు చెప్పలేదు. థర్మల్స్ వైపు మాట మళ్లించింది. చలికాలం రాగానే ప్రతి బట్టల కొట్టులో పెట్టెలకు పెట్టెలు కనిపించే ఆ లోదుస్తుల్లో చాలావాటిలో నూలు పాలు ఎక్కువ. రాత్రి గుడారంలో పడుకోవడానికి అవి హాయిగా ఉంటాయి. నడకకు మాత్రం పనికిరావు. లోపలి చీటీ మీద నూలెంతో, పాలిస్టరెంతో రాసి ఉంటుంది. చదవకుండా కొంటే నడిచేటప్పుడు బనీను చేసే పనే అవీ చేస్తాయి.

మావయ్య రెండో వరసకు దిగాడు. ఒంటికి ఆనే బట్ట ఏదైతేనేం, పైన ఊలు స్వెటరు పడాల్సిందే అన్నాడు. బీరువాలోంచి తనది తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. టిబెటన్ల దగ్గర కొన్నది, ఎన్నేళ్లయినా చెక్కుచెదరలేదు.

ఆ వ్యాపారం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1959 తర్వాత భారతదేశానికి వచ్చిన టిబెటన్ శరణార్థులకు అనేక చోట్ల కాలనీలు ఇచ్చారు. కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు అలాంటివే. మనకు దగ్గరలో, ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరి ప్రాంతంలోని ఫుంత్‌సోక్‌లింగ్ 1963లో ఏర్పడింది. మొక్కజొన్న పంట చేతికొచ్చి పొలం పని తగ్గిన నెలల్లో కుటుంబాలు స్వెటర్ల మూటలతో మైదానాలకు దిగడం అలవాటైంది. ఆ సరుకు టిబెట్‌లో అల్లినది కాదు. ఎక్కువ భాగం పంజాబ్‌లోని లుధియానా మిల్లులది.

"లుధియానాదే అయితేనేం? ఊలు ఊలే."

"ఊలేనా? కింద వేలాడే దారం ఒకటి తెంపు."

తెంపి అగ్గిపుల్ల గీశాడు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మంట తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఈ దారం కరుగుతూ మండింది, చివర గట్టి నల్లపూసలా మిగిలింది. అక్రిలిక్.

మావయ్య ఆ పూసను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్నేళ్లూ వెచ్చగానే ఉంది కదే!"

"వెచ్చగా ఎందుకుండదు? వెచ్చదనం దారంలో లేదు మావయ్యా, దారాల మధ్య ఇరుక్కున్న గాలిలో ఉంది. మందంగా అల్లితే అక్రిలిక్కూ గాలిని పట్టుకుంటుంది. తడిసినా త్వరగా ఆరుతుంది. నీ స్వెటరు రెండో వరసకు బాగానే పనికొస్తుంది. నేనైతే ఆ వరసకు ఫ్లీస్ కొంటాను. అంతే వెచ్చన, బరువు తక్కువ."

ఫ్లీస్ అంత చవకగా దొరకడానికి ఒక మనిషి నిర్ణయం కొంత కారణం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ మిల్స్ అనే కంపెనీ 1979లో పాలిస్టర్ దారాన్ని గీరి నూగు లేపి ఈ గుడ్డను తయారుచేసింది. దాని యజమాని ఆరన్ ఫ్యూయర్‌స్టీన్ దానికి పేటెంటు తీసుకోలేదు. దాంతో ఎవరు పడితే వాళ్లు నేసుకోగలిగారు. తర్వాత వాడి పడేసిన ప్లాస్టిక్ సీసాలను కరిగించి తీసిన దారంతో కూడా ఫ్లీస్ వచ్చింది. ఒకప్పుడు పర్వతారోహకుల దగ్గరే కనిపించిన ఆ గుడ్డ ఇప్పుడు ప్రతి పెద్ద క్రీడా సామగ్రి దుకాణంలోనూ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది.

"ప్లాస్టిక్ సీసా అన్నావు చూడు, అక్కడ దొరికావు" మావయ్య కుర్చీ ముందుకు జరిపాడు. "లంబసింగిలో రాత్రి ఏటి చేస్తారు మీరంతా?"

"చలిమంట వేసుకుంటాం."

"ఒంటి మీద ఏటుంటుంది? లోపల పాలిస్టర్ జెర్సీ. దాని మీద సీసాలు కరిగించిన ఫ్లీస్. పైన నైలాన్ జాకెట్టు. మూడూ కరిగేవే. ముందు నెగడు, దాన్నిండా చిటచిటలాడే కట్టె. చలని ఒకరినొకరు తోసుకుంటూ మంటలోకి జరుగుతారు. ఫర్నేసులో ఇలా వస్తే షిఫ్టు ఇన్‌చార్జి గేటు బయటికి పంపేస్తాడు."

ఈసారి మేనకోడలి దగ్గర జవాబు లేదు. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీలకు కరుగుతుంది. కట్టెల మంటకు అదొక లెక్క కాదు. ఎగిరిపడిన రవ్వ ఫ్లీసులో రంధ్రం చేసి వదిలితే అదృష్టం. ఉన్ని అంటుకోవాలంటే అయిదొందలు దాటిన వేడి కావాలి, అంటుకున్నా మంట పాకదు. చలికి పనికొచ్చే చవక బట్టలన్నింటికీ ఉన్న అసలు లోపం ఇదే. అమ్మేవాళ్లు చీటీల మీద పెద్ద అక్షరాల్లో రాయనిదీ ఇదే.

"అయితే మంట దగ్గర మాత్రం నీ కంబళి కప్పుకుంటాను."

"మంటకు ఆరడుగుల దూరం కూడా" అన్నాడు మావయ్య.

ఇక మిగిలింది మూడో వరస, గాలిని ఆపేది. స్వెటరు ఎంత మందంగా ఉన్నా అల్లికలోంచి గాలి దూరిపోతుంది. ఇరుక్కున్న వెచ్చని గాలిని ఊడ్చుకుపోతుంది. వంజంగి కొన మీద గాలి సంగతి సరే, అంతకన్నా పెద్ద గాలిని విశాఖ కుర్రాళ్లు తామే పుట్టించుకుంటున్నారు. అయిదు డిగ్రీల చలిలో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో బండి నడిపితే, బయటి చర్మానికి అది సుమారు మైనస్ ఒకటి డిగ్రీ చలిలా తగులుతుంది. లంబసింగికి ఘాట్ రోడ్డు ఎక్కే బండివాళ్లు అక్కడి చలి కన్నా ఎక్కువ చలిని దారిలోనే తింటున్నారు.

"దానికి నా దగ్గర మందుంది. గాలిని ఆపడానికి జాకెట్టెందుకు? స్వెటరు లోపల ఛాతీ మీద నాలుగు పొరల న్యూస్ పేపరు పెట్టుకో."

నవ్వబోయిన మేనకోడలు ఆగింది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో కొండ దిగేముందు పోటీదారులు చొక్కాలో పేపరు దూర్చుకోవడం పాత అలవాటేనని ఆమెకూ తెలుసు. కానీ పేపరు వానకు ఆగదు, ఎక్కేటప్పుడు చెమటకూ ఆగదు. పల్చటి విండ్‌చీటరు అయితే మడిచి జేబులో పెట్టుకోవచ్చు.

"అయితే రెయిన్‌కోటు. ఫిషింగ్ హార్బర్‌లో వేటకు పోయేవాళ్లు వేసుకునేది. గాలీ రాదు, నీళ్లూ రావు."

"చెమట కూడా బయటికి పోదు. అది వేసుకుని కొండెక్కితే లోపలే వాన కురుస్తుంది. ఎక్కేటప్పుడు సంచిలో ఉండాలి, పైకెళ్లి నిలబడ్డాక వేసుకోవాలి. అలాగైతే నీ రెయిన్‌కోటుకు ఒప్పుకుంటాను."

ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు విప్పాలి అన్నది ఎంత పెట్టి కొన్నామన్నదానికన్నా ముఖ్యమని ఇద్దరూ ఒకేచోటికి వస్తున్నారు. అయినా ఒప్పుకోవడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

మావయ్య చరిత్రలోకి వెళ్లాడు. 1924లో జార్జ్ మాలరీ ఎవరెస్ట్ మీద కనిపించకుండా పోయాడు. 1999లో అతని శవం దొరికింది. ఒంటి మీద మిగిలిన పీలికలను పరీక్షించి పట్టు, నూలు, ఉన్ని వరసలు, పైన గాబర్డీన్ కోటుగా ఆ దుస్తుల్ని మళ్లీ కుట్టించారు. 2006లో గ్రాహమ్ హోయ్‌లాండ్ వాటిని వేసుకుని ఎవరెస్ట్ వాలుల్లో నడిచి చూసి, హాయిగా ఉన్నాయన్నాడు.

"విన్నావా? ఫ్లీస్ లేదు, నైలాన్ లేదు. ఎనిమిది వేల మీటర్ల పైకి పోయాడు!"

"పోయాడు, తిరిగి రాలేదు కదా" అంది మేనకోడలు. "అది బట్టల తప్పని అనను. కానీ పల్చటి వరసలు చాలా వేసుకున్నాడని నువ్వే చెప్పావు. ఒక్క లావాటి స్వెటరు వేసుకోలేదు. నా మాటే కదా అది!"

తర్వాత ఆమె మన వాళ్ల సంగతి ఎత్తింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వెంట ఎక్కినవాడు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, పేద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందారు. ఆ ఎత్తుకు కావలసిన ఈకల సూట్లు, బూట్లు ఏ పేద కుటుంబమూ కొనలేదు. ప్రభుత్వ కార్యక్రమం కింద వాళ్లను పంపారు కాబట్టే అవి సమకూరాయి.

"అదే నేనంటున్నది!" మావయ్య అందుకున్నాడు. "ఎవరెస్ట్ ఎక్కేవాళ్లకే ఎవరో ఒకరు ఇప్పించారు. నువ్వేమో వంజంగికి సొంతంగా కొంటానంటావు."

"నేనేమీ ఎవరెస్ట్ సూటు అడగలేదు. అయినా నీ చేతిలో ఉన్న స్వెటరు మంచిదే అని ఇందాకే ఒప్పుకున్నానా లేదా? ఇంకా నాదే తప్పంటే ఎలా? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంది నీ వాదన."

గొంగళి మాట వినగానే మావయ్య లేచి అటక మీంచి నిజం గొంగళి దించాడు. తెలంగాణ వైపు బంధువులు ఎప్పుడో ఇచ్చినది. దక్కనీ గొర్రెల ఉన్నిని ఇంట్లోనే వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు మగ్గం మీద నేసే గొంగళి అది. నల్లగా గరుకుగా ఉంటుంది. వాన పడితే చినుకు పైనే జారుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి తీసుకుని కూడా తడి తెలియనివ్వదు. తేమ పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా వదులుతుంది.

"ఇది మోసుకుని వంజంగి ఎక్కమంటావా? రెండు కేజీలుంటుంది!"

"గొర్రెలకాపరి దీన్ని ఎలా మోస్తాడో చూశావా ఎప్పుడైనా? నడిచేటప్పుడు మడిచి భుజం మీద వేసుకుంటాడు. మంద ఆగి, తాను నిలబడినప్పుడు కప్పుకుంటాడు. వానొస్తే నెత్తిన ముసుగులా వేసుకుంటాడు. రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి."

మేనకోడలు కాసేపు ఏమీ అనలేదు. నడిచేటప్పుడు తీసేసి, ఆగినప్పుడు వేసుకోవాలని ట్రెక్కింగ్ గైడు ప్రతి విశ్రాంతి దగ్గరా అరిచి చెప్పే పాఠమే అది. కాపరికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కానీ ఆయన భుజం మీది గొంగళి ఆయనకు ఇల్లు, పరుపు, గొడుగు కూడా. వారాంతపు సంచిలో ఇప్పటికే నీళ్లు, తిండి, టార్చి ఉన్న మనిషికి ఆ రెండు కేజీలు బరువే. ఈ సంగతి మాత్రం ఆమె వదల్లేదు.

చేతులు, కాళ్ల దగ్గర వాదం కాసేపు ఆగింది. అక్కడ ఇద్దరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు పక్కింట్లోనే ఉన్నారు. విశాఖ రేవు నుంచి రొయ్యలు శీతల కంటైనర్లలో విదేశాలకు పోతాయి. వాటిని గడ్డకట్టించే ప్లాంట్లలో నిలవ గదులు మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉండాలి, గడ్డకట్టించే ఫ్రీజర్లు మైనస్ నలభై దాకా పోతాయి. బయట 35 డిగ్రీల ఉక్కపోతలో బస్సు దిగి, ఎముకలు కొరికే చలి గదిలోకి షిఫ్టుకు వెళ్లే జనం ఈ ఊళ్లో ఉన్నారు. రొయ్యల ప్లాంటులో పనిచేసే పక్కింటావిడ చెప్పేది మూడే ముక్కలు. రబ్బరు గ్లవుజుల లోపల ఊలు గ్లవుజులు ఉండాలి, అవి తడిస్తే వెంటనే మార్చాలి. రెండు జతల సాక్సులు బిగుతుగా తొడిగితే రక్తం ఆడక కాళ్లు ఇంకా కొంకర్లు పోతాయి. చెమట పట్టిన ఒంటితో లోపలికి వెళ్లకూడదు.

"పైగా ఆ గ్లవుజులు, గమ్‌బూట్లు ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాన్ల కొట్లో దొరుకుతాయి. పర్వతం బొమ్మ వేసిన కొట్టుకు పోనక్కర్లేదు" అన్నాడు మావయ్య. మేనకోడలు గ్లవుజులకు సరేనంది. గమ్‌బూట్లతో కొండెక్కడానికి ససేమిరా అంది.

ఇక కేదార్‌కంఠ. అది వేరే కథ. సుమారు 3,800 మీటర్ల ఎత్తు, జనవరిలో మోకాలి లోతు మంచు, రాత్రి సున్నాకు చాలా కింద. అక్కడ మూడు వరసలు చాలవు. ఆగినప్పుడు, రాత్రి గుడారంలో వేసుకోవడానికి లావాటి కోటు కావాల్సిందే.

"ఇదిగో, పన్నెండు వేలది వచ్చింది" అన్నాడు మావయ్య.

"రాలేదు. అద్దెకు తెచ్చుకుంటాను."

ఆ కొండ కింది సాంక్రి గ్రామంలో జాకెట్లు, బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు, మంచు లోపలికి పోకుండా పిక్కలకు కట్టే గెయిటర్లు, కర్రలు రోజుకింత అని అద్దెకిస్తారు. కొన్నా విశాఖలో దాన్ని దాచడం ఒక పని. బాతు, పెద్దబాతుల మెత్తటి ఈకలు కూరిన డౌన్ కోటు మంచిదే కానీ, తేమ తగిలితే ఈకలు ముద్ద కట్టి వెచ్చదనం పోతుంది. ఏడాదిలో పదకొండు నెలలు సముద్రపు తేమలో బీరువాలో మగ్గితే బూజు పడుతుంది. ఈ ఊరివాళ్లకు సొంతంగా కావాలంటే పాలిస్టర్ పీచు కూరిన కోటే మేలు.

"ఎవరెవరు తొడిగారో తెలియని కోటా?" అత్తయ్య వంటింట్లోంచి అడిగింది.

"లోపల నా జెర్సీ, నా ఫ్లీస్ ఉంటాయి అత్తా. ఒంటికి తగలదు."

మేనకోడలు కాగితం తీసి లెక్క రాసింది. పొడుగు చేతుల జెర్సీలు రెండు. ఫ్లీస్ ఒకటి. విండ్‌చీటరు ఒకటి. ఊలు టోపీ, గ్లవుజులు రెండు జతలు, సాక్సులు వదులుగా ఉన్నవి. అన్నీ కలిపి జాకెట్టు ధరలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలిన డబ్బులో పెద్ద భాగం బూట్లకు. బూట్లు మాత్రం అద్దెకు తీసుకోదు. కాలికి అలవాటు కాని బూటు మొదటి రోజే బొబ్బలు తెప్పిస్తుంది, కాబట్టి ముందే కొని వంజంగి దారిలో వాడి చూడాలి.

మావయ్య కాగితం అందుకుని ఫ్లీస్ కొట్టేసి "నా స్వెటరు" అని రాశాడు. ఆమె స్వెటరు కొట్టేసి మళ్లీ ఫ్లీస్ రాసింది.

"సరే, పరీక్ష పెడదాం. వచ్చే శనివారం వంజంగికి నేనూ వస్తాను. నువ్వు నీ మూడు వరసలు వేసుకో. నేను నా బనీను వేసుకుంటాను."

"ఇంత చెప్పాక మళ్లీ బనీనేనా?"

"రెండు బనీన్లు. ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. పైకెక్కాక తడిది విప్పి పొడిది వేసుకుంటా. నీ జెర్సీకి మూడొందలు, నా రెండో బనీనుకు సున్నా."

మేనకోడలు ఆ వాదనలో తప్పు వెతికింది. తడి బట్ట మార్చుకోవడమే అన్నిటికన్నా చవకైన ఉపాయమని ఏ గైడైనా ఒప్పుకుంటాడు. అయినా ఒకటి దొరికింది.

"ఆ కొండగాలిలో, అంతమంది జనం మధ్య చొక్కా విప్పుతావా?"

"గొంగళి కప్పుకుని విప్పుతా."

"మరి ఆ రెండు కేజీలు కొండ మీదికి ఎవరు మోస్తారు?"

మావయ్య ఆమె కొత్త ట్రెక్కింగ్ సంచి వైపు చూశాడు. మేనకోడలు దాన్ని కాళ్ల దగ్గరికి లాక్కుంది.